రబ్బరు చాప కింద

నాగ్‌పుర్ పెద్దాసుపత్రిలో శవాల గది వెనక గేటు దగ్గర బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. ఎవరు ముందొస్తే వాళ్ళకి ముందు కిరాయి, అదీ అక్కడి కట్టుబాటు. ఎండాకాలం వస్తే మాత్రం ఆ కట్టుబాటు గాలికి పోతుంది. గడ్చిరోలీ అడవుల దాకా, చంద్రపుర్ గనుల దాకా తమవాళ్ళని తీసుకుపోవాల్సినవాళ్ళు వరుస వంక చూడనైనా చూడరు. "పుండలీక్ బండి ఏది?" అని అడుగుతారు.

పుండలీక్ ఝాడే బండి కొత్తదేం కాదు. ఎవరో అంబులెన్సుగా తిప్పి తిప్పి అమ్మేసిన పాత బండి. కాకపోతే దానికి ముందొక ఏసీ, వెనకొక ఏసీ ఉన్నాయి. పైగా లోపల వాసన ఉండదు. మిగతా బండ్ల తలుపు తీస్తే నిన్నటివాళ్ళూ మొన్నటివాళ్ళూ ఇంకా లోపలే కూర్చున్నట్టుంటుంది. పుండలీక్ బండి తలుపు తీస్తే బ్లీచింగ్ పౌడర్ ఘాటు, అంతే. "వాని బండిల పోతె శవానికి గూడ జలుబు చేస్తదిరా" అని తోటి డ్రైవర్లు ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపు వింటుంటే పుండలీక్‌కి లోలోపల బాగానే ఉండేది. మోసేది శవాలనే అయినా, మనిషన్నాక చెప్పుకోవడానికి ఏదో ఒక గొప్ప ఉండాలి కదా.

ఆ శుభ్రం వెనక అతని భార్య వచ్ఛల ఉంది. కరోనా ఏడాది పట్టుకున్న భయం ఆమెని ఇంకా వదల్లేదు. బండి ఇంటి ముందుకి వచ్చేసరికి బకెట్ల నిండా బ్లీచింగ్ నీళ్ళు కలిపి వాకిట్లో పెట్టి ఉంచేది. వెనక భాగమంతా కడిగి, నేల మీది రబ్బరు చాపని చీపురుతో బరబరా రుద్ది, ఆ తర్వాతే అతను గడప తొక్కాలి. "ఉత్త నీళ్ళకు పోయేదా ఇది?" అనేది. పుండలీక్ ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. అలసిపోయి వచ్చినా, వాన పడుతున్నా, ముందు బండి కడుగుడే.

ఏసీ ఒక్కటే కాస్త సతాయిస్తూ వచ్చింది. మొదట్లో ఏడాదికోసారి గ్యాస్ పట్టిస్తే సరిపోయేది. తర్వాత ఎండాకాలంలో రెండు మూడుసార్లయింది. ఈ ఏడు నెల తిరక్కుండానే చల్లదనం పల్చబడిపోతోంది. అయినా ఎక్కడ కారుతోందో వెతికించాలని అతనికి తోచలేదు. పాత బండి కదా, ఎక్కువ గ్యాస్ తాగుతుంది అనుకున్నాడు. ఆ గేటు దగ్గర డ్రైవర్లందరూ అలాగే అనుకుంటారు. గ్యాస్ పట్టేవాళ్ళు కూడా కాదని చెప్పరు. చెబితే మళ్ళీ ఎవరొస్తారు?

ఆ రోజు సరిగ్గా నవతపా నడుమ, రోహిణి కార్తెలో నిప్పులు చెరిగే ఆ తొమ్మిది రోజుల మధ్య పడింది. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు. ఆ వైపు రోకళ్ళు కూడా పగులుతాయి. పొద్దున్నే ఒక మనిషి వచ్చి పుండలీక్ ముందు నిలబడ్డాడు. మెడలో తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. పేరు లాల్సు నరోటి. ధానోరా దాటాక అడవిలో ఉన్న కోసంటోలా అనే గోండుల పల్లె అతనిది. కూతురు జమున నాగ్‌పుర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. జ్వరం మెదడుకెక్కింది. కబురందుకుని తండ్రి వచ్చేసరికే పిల్ల మనిషిని గుర్తుపట్టడం లేదు. ముందు రోజు సాయంత్రం పోయింది.

"ఇంటికాడ దాని తల్లి ఉన్నది," అన్నాడు లాల్సు. "మోకాళ్ళు పట్టేసినయ్, రాలేకపోయింది. ఫోన్ల ఒక్కటే మాట చెప్పింది. నా బిడ్డ మొహం ఒక్కసారి నాకు చూపియ్యి, ఇంకేం అడగ అన్నది. తమ్ముడూ, మొహం చెడకుంట చేరుస్తవా?"

పుండలీక్ మనసులో లెక్క వేసుకున్నాడు. జ్వరం ఒంట్లో ఉండగా పోయిన శరీరం ఎక్కువసేపు చెడకుండా ఆగదని ఆ గేటు దగ్గర చిన్నా పెద్దా అందరికీ తెలుసు. కానీ రాత్రంతా చల్లటి గదిలోనే ఉంచారు. బండి చల్లనిది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం తిరిగేలోపు చేరిపోయే దారి.

"నా బండిల ఎక్కిన మొహం ఎక్కినట్టే దిగుతది అన్నా," అన్నాడు. గొప్పకి అన్న మాట కాదు. నిజంగానే నమ్మాడు.

జమునని స్ట్రెచర్ మీద వెనక పడుకోబెట్టారు. పక్కనున్న బల్ల మీద లాల్సు కూర్చున్నాడు. డ్రైవర్ సీటుకీ వెనక భాగానికీ మధ్య జరిపే అద్దం ఒకటుంది, దాన్ని మూశారు. ఉమ్రేడ్ దాటేదాకా అంతా బాగానే ఉంది. భివాపుర్ మిరపకాయల గోదాముల ఘాటు తగులుతుండగా అద్దం మీద టకటకమని చప్పుడైంది.

"తమ్ముడూ, వెనక గాలి వేడిగ వస్తున్నది."

పుండలీక్ తన ముందున్న జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అక్కడా అంతే, ఎవరో అలసిపోయి ఊపిరి వదులుతున్నట్టు గోరువెచ్చగా వస్తోంది. బండి పక్కకి తీసి, దిగి, ఇంజను మూత ఎత్తి చూశాడు. చూస్తే ఏం కనిపిస్తుంది? గాలి కనిపిస్తుందా, గ్యాస్ కనిపిస్తుందా?

లాల్సు కూడా దిగాడు. "ఏం గాదు, గట్లనే పోదాం పా. వెనక తలుపులు జర తెరిచి కడితె గాలి ఆడుతది గదా. ఇంకెంత, మూడు గంటల తొవ్వ."

"వద్దన్నా. ఈ ఎండల తలుపులు తెరుస్తె వడగాలి కొడ్తది, ఇంక పాడైతది. ముందల నాగ్‌భీడ్ వస్తది. ఆడ నాకాడే అని మంచి పనోడున్నడు. ఏదో జాయింటు వదులైంటది. అర్ధగంట పని."

మాట ఇచ్చాడు కదా, ఆ మాట నిలబెట్టుకోవాలనే తాపత్రయం. ఆ పూట ఎక్కడా ఆగకుండా పోయి ఉంటే వేడి తగిలేది, కాదనలేం. అయినా తల్లి చూసుకోదగ్గ మొహమే మిగిలి ఉండేది. పుండలీక్ ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ దారిని మనసులో నడుపుకున్నా ప్రతిసారీ అదే తేలింది.

నాకాడే షెడ్డు నాగ్‌భీడ్ బస్టాండు పక్కన, బట్టల దుకాణాల వరుస చివర ఉంటుంది. అతనికి పని ఎంత వచ్చో నోరు అంతకు రెండింతలు. బండిని చూడగానే దూరం నుంచే మొదలుపెట్టాడు. "ఏందిరా పుండలీకా, పీనుగులకు ఏసీ ఎందుకురా? చెమటలు పడ్తున్నయా వాటికి?"

అప్పుడే వెనక తలుపు తెరుచుకుని లాల్సు దిగాడు. నాకాడే నాలుక కరుచుకున్నాడు. "తప్పైంది కాకా. నా నోట్ల మన్ను పడ. ఎవరు?"

"బిడ్డ," అన్నాడు లాల్సు.

నాకాడే మీటరు గొట్టాలు తెచ్చి తగిలించాడు. ముల్లు అడుగునే పడి ఉంది, లేవలేదు.

"చుక్క గ్యాస్ లేదు."

"నెల గూడ కాలే పట్టిచ్చి," అన్నాడు పుండలీక్. "పాత బండి గదా, తాగుతది."

"తాగుతదా? కల్లా ఏంది తాగనీకి? మూసిన గొట్టాల్ల తిరిగిందే తిరుగుతదిరా గ్యాస్. తక్కువైందంటె ఎక్కడనో కారినట్టే. ఇన్నేండ్లు కారేది చూడకుంట నింపుకుంటనే పోయినవా? ఓటికుండకు నీళ్ళు మోసినట్టు?"

తిట్టడానికి అది సమయం కాదని నాకాడేకీ తెలుసు. సిలిండరు లాక్కొచ్చి గొట్టాల్లోకి ఒత్తిడి ఎక్కించాడు. డబ్బాలో సబ్బు నురగ కలిపి, కుంచె తీసుకుని ఒక్కొక్క అతుకు మీదా పూస్తూ పోయాడు. కారే చోట నురగ ఉబ్బుతుంది, అదే గుర్తు. కంప్రెసర్ దగ్గర ఒక అతుకులో చిన్న బుడగ లేచింది. పుండలీక్ ప్రాణం కూడా దాంతోపాటు లేచింది. "దొరికిందన్నా, దొరికింది!" అని వెనక్కి కేకేశాడు. నాకాడే ఆ అతుకు విప్పి, లోపలి రబ్బరు రింగు మార్చి, బిగించి, మళ్ళీ ఒత్తిడి ఎక్కించాడు. ముగ్గురూ ముల్లు వంక చూస్తూ నిలబడ్డారు. ముల్లు కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా, ఎవరికీ చెప్పకుండా జారుకునే చుట్టంలా, కిందికి దిగింది.

"ఇంకోటి ఉన్నది," అన్నాడు నాకాడే.

ఈలోగా పుండలీక్ ఐసు కోసం పరుగెత్తాడు. పెళ్ళిళ్ళ ఆఖరి ముహూర్తాలు. ఫ్యాక్టరీలో ఉన్న దిమ్మలన్నీ పొద్దున్నే పందిళ్ళకి వెళ్ళిపోయాయి. బతిమాలితే చెరుకురసం బండివాడు గోనెలో చుట్టిన సగం దిమ్మ ఇచ్చాడు. దాన్ని పగలగొట్టి జమున తల చుట్టూ పేర్చారు. లాల్సు తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాడు. ఆ బండి లోపల అప్పటికే రొట్టెలు కాల్చుకోవచ్చు.

ముందటి ఏసీ డబ్బా కింది మూత విప్పారు. నాకాడే వెల్లకిలా పడుకుని, తల లోపల పెట్టి, చెవి ఆనించి విన్నాడు. నీళ్ళు కారే గొట్టం మూతికి నురగ పూశాడు. ఏమీ లేదు. బయట ఇంజను ముందుండే రేడియేటరు జాలీ మొత్తం పూశాడు, అక్కడా లేదు. అప్పుడైనా ఆపేసి బయల్దేరాల్సింది. కానీ వెతుకులాటకి ఒక రోగముంది: ఇంతసేపు వెతికాం, ఇంకొంచెం వెతికితే దొరుకుతుంది అనిపిస్తుంది. లాల్సు రెండుసార్లు వచ్చి "పోదామా తమ్ముడూ?" అని అడిగాడు. రెండుసార్లూ పుండలీక్ "ఇగో అయిపోయిందన్నా" అన్నాడు.

నాకాడే లేచి మెడ తుడుచుకున్నాడు. లాల్సు వినకుండా గొంతు తగ్గించాడు. "ఇగ మిగిలింది వెనకకు పోయే గొట్టాలే. రబ్బరు చాప కింద ఉన్నయ్. చాప లేపాలె."

చాప లేపాలంటే జమునని దించాలి.

స్ట్రెచర్ సగం బయటికి వచ్చిందో లేదో బట్టల దుకాణం యజమాని పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఏం జేస్తున్నరు? పెండ్లి బట్టలు కొనేటోళ్ళు కూసున్నరు లోపల. పీనుగను మా మొఖాన దించుతరా? మనుషులేనా మీరు?" నాకాడే అతనితో పోట్లాటకి దిగబోయాడు. లాల్సే ఆపాడు. "ఆయన జెప్పేది గూడ నిజమే. శుభం జరిగే తావు. వెనకకు తీస్కపోదాం."

షెడ్డు వెనక గోడ పక్కన సన్నటి నీడ పట్టీ ఉంది. స్ట్రెచర్ అందులో సరిగ్గా పట్టింది. పొద్దు నడినెత్తి మీద ఉంది కాబట్టి ఆ పట్టీ చూస్తుండగానే జరగడం మొదలుపెట్టింది. జరిగినచోటల్లా లాల్సు తన తువ్వాలు రెండు చేతుల్తో విప్పి పట్టుకుని కూతురికీ ఎండకీ అడ్డంగా నిలబడ్డాడు. అటూ ఇటూ పోయేవాళ్ళు ముక్కు మూసుకుని చూసి వెళ్ళిపోయారు.

రబ్బరు చాప నేలకి అతుక్కుపోయి ఉంది. పుండలీక్, నాకాడే చెరో కొస పట్టుకుని గుంజితే చర్రున లేచింది. కింద నేలంతా తెల్లగా పెచ్చులు కట్టి ఉంది. గొట్టాలు రెండూ పక్కపక్కన సుద్ద పూసినట్టున్నాయి. చౌడు పట్టిన గోడ ఎలా పొట్టు రాలుతుందో అలా రాలుతున్నాయి. నాకాడే కుంచెతో నురగ పూశాడు. ఒక చోట కాదు, రెండు చోట్ల కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా గొట్టం మొత్తం కుతకుతమంటూ ఉడికే అన్నంలా బుడగలు పొంగింది.

వాగుడుకాయ నాకాడే ముందుకి వంగాడు. గోరుతో గొట్టాన్ని గీకి, గోట్లోకి వచ్చిన తెల్లటి పొడిని వాసన చూశాడు.

"పుండలీకా, దీన్ని దేంతోని కడుగుతవ్?"

"బ్లీచింగ్‌తోని."

"ప్రతిసారా?"

"ప్రతిసారి."

"ఎప్పటికెల్లి?"

"కరోనాకెల్లి."

నాకాడే కుంచె డబ్బాలో పడేశాడు. "ఆ నీళ్ళు చాప కిందికి పోయి ఆడనే నిలబడ్డయ్‌రా. అల్యూమినియం గొట్టాలివి. బ్లీచింగ్ వాటిని తింటది. ఒక్క చిల్లైతె మూస్త, పది చిల్లులైతె మూస్త. ఇది జల్లెడైంది. జల్లెడను ఏడికని మూసేది?"

పుండలీక్ చాప కొస పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాసన రాకూడదని కడిగాడు. చచ్చినవాళ్ళకి మర్యాద అని కడిగాడు. ఇల్లాలు చెప్పిందని, ఇంట్లో పిల్లలున్నారని కడిగాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఏ బండి గురించి గర్వంగా చెప్పుకున్నాడో ఆ బండిని తన చేత్తోనే బకెట్లు బకెట్లుగా బ్లీచింగ్‌కి తినిపించాడు. కడగని దొంగ వెధవల బండ్ల గొట్టాలు నిక్షేపంగా ఉండి ఉంటాయి. ఏడుపు రాలేదు. చాప కొస వదిలి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇగ పోత," అన్నాడు.

"ఆగు. వెనక గొట్టం కోసి మూతులు మూసేస్త. ముందటి ఏసీ ఒక్కటన్న నడుస్తది. నడుమ అద్దం తెరిచి పెట్టుకో, కొంచెం సల్లగాలి వెనకకు పోతది. ఉత్తగ పోవుడు కన్న నయం గదా?"

నాకాడే మంచికే చెప్పాడు. పుండలీక్ మంచికే ఒప్పుకున్నాడు. కోసి, మూసి, లోపలి గాలి లాగి, గ్యాస్ ఎక్కించేసరికి గోడ పక్కన నీడ పట్టీ పూర్తిగా పోయింది. లాల్సు మాత్రం తువ్వాలు దించలేదు. ఐసంతా నీళ్ళై కింద మట్టిలో ఇంకిపోయింది. జమునని మళ్ళీ బండెక్కిస్తుంటే పుండలీక్ మొహం మీది గుడ్డ వంక చూడలేదు. ఇన్నేళ్ళ పనిలో అతను మొహం తిప్పుకోవడం అదే మొదలు.

నాకాడే కూలి తీసుకోలేదు. బండి కదిలేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ముందటి ఏసీ పనిచేసింది. దిక్కుమాలినది, ఎప్పుడూ లేనంత బాగా పనిచేసింది. చల్లగాలి ధారగా పుండలీక్ ఛాతీ మీద పడింది, మోకాళ్ళు మొద్దుబారాయి. నడుమ అద్దం తెరిచే ఉంచాడు. ఆ చల్లదనం వెనక్కి పోలేదు. బ్రహ్మపురి రాకముందే వెనకున్నది ముందుకి వచ్చింది. మొదట సన్నగా, ఏదో పండు మగ్గిన వాసనలా. ఆ తర్వాత పోల్చుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. ఇన్నేళ్ళూ ఏ వాసన తన బండిలో ఉండదని చెప్పుకు తిరిగాడో అదే.

పుండలీక్ ఏసీ ఆపేశాడు.

"ఎందుకు బంద్ జేసినవ్?" అని వెనక నుంచి లాల్సు గొంతు వినిపించింది.

"నాకొక్కనికి సల్లగ ఎందుకన్నా."

"ఉండనియ్యి. దానికి ఇగ ఎట్లున్నా ఒక్కటే. నువ్వన్న మంచిగ ఉండాలె గదా, బండి నడపాలె."

పుండలీక్ ఏసీ వెయ్యలేదు. వైన్‌గంగ వంతెన దాటాక, ఆర్మోరి ఇవతల, లాల్సు బండి ఆపమన్నాడు. చింతచెట్ల కింద ఆపాడు పుండలీక్. దిగలేదు, వెనక్కి తిరగలేదు. గుడ్డ ముడి విప్పిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తువ్వాలు చింపుతున్న చప్పుడు. తల మీదున్న వెనక చూపు అద్దంలో చూస్తే లాల్సు ఆ పేలికలతో కూతురి మొహం మీది గుడ్డని మెడ దగ్గర, గడ్డం కింద, నుదుటి మీద, ముడి మీద ముడి వేసి బిగిస్తున్నాడు. ఎవరు విప్పబోయినా విప్పలేనట్టు బిగిస్తున్నాడు.

"ఇది తల్లి చూడొద్దు తమ్ముడూ," అన్నాడు పని కానిచ్చి. "దానిది మా అమ్మ ముక్కు ఉండె. అచ్చం మా అమ్మ ముక్కే. ఇప్పుడు ఎవరిదో ముక్కు."

పుండలీక్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "నేను ఆగకపోతె మొహం దక్కుతుండె అన్నా. నువ్వు జెప్పినవ్, పోదాం పా అని జెప్పినవ్. నేనే ఇనలే."

"నువ్వు మంచికే ఆగినవ్," అన్నాడు లాల్సు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

కోసంటోలా చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఊరి బయట గుంత తవ్వి ఉంచారు. ఆడవాళ్ళు పసుపు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బండి తలుపు తెరవగానే ముందు వరుసలోవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు, ఆపైన సిగ్గుపడి మళ్ళీ ముందుకొచ్చారు. జమున తల్లి బిర్జో ఇంటి అరుగు మీద నుంచి కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. ఎవరూ పట్టుకోనక్కర్లేదని చెయ్యి విదిలించింది. స్ట్రెచర్ పక్కన కూర్చుని, చీర కొంగు సర్దుకుని, చూడ్డానికి సిద్ధపడింది.

"తెరువుండ్రి," అంది.

ఎవరూ కదల్లేదు.

"తెరువుండ్రి. మొహం జూపిస్తమన్నరు."

"తెరువద్దు," అన్నాడు లాల్సు. "తెరిచేటట్టు లేదు, బిర్జో. ఎండ మస్తు ఉండె. బండి ఖరాబైంది."

ఊరి పెద్ద కూడా తల అడ్డంగా ఊపాడు. వాసనకి పిల్లలు అప్పుడే దూరంగా పోయారు. తెరవకుండానే మట్టి చెయ్యాలని అతను తేల్చేశాడు.

బిర్జో ఆ మూటని పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూసింది. ఆమె మొహంలో ఏడుపు రావాల్సిన చోట మరేదో వచ్చింది.

"ఇది నా బిడ్డ గాదు," అంది.

"బిర్జో..."

"నా బిడ్డ ఇంత లావు లేదు. దాని ఒళ్ళు నాకు తెల్వదా? వెదురు బద్ద లెక్క ఉంటది. ఎవరినో తెచ్చినవ్."

లాల్సు ప్లాస్టిక్ సంచీ విప్పి గాజులు తీశాడు, ఆమె ముందు పెట్టాడు. ఆసుపత్రిలో చేతుల నుంచి తీసి ఇచ్చినవి.

"గాజులు ఎవలైన కొంటరు. గాజులు జూపిచ్చి ఇదే నీ బిడ్డ అంటె ఎట్ల ఒప్పుకుంట? పచ్చబొట్టు పొడిపిచ్చుకోవే అని మొత్తుకున్న. ఈ కాలంల ఎవరు పొడిపిచ్చుకుంటరే అమ్మా అని నవ్వింది. ఉంటె ఇప్పుడు అందరికి తెలుస్తుండె గదా." మళ్ళీ మూట వంక తిరిగింది. గొంతు మెత్తబడింది. "ఎవల బిడ్డో పాపం. ఏ ఊర్ల దీని తల్లి తొవ్వ జూస్తున్నదో. ఇంత దూరం వచ్చింది, మంచిగ సాగనంపుండ్రి."

పసుపు గిన్నె తనే అందుకుంది. గుడ్డ మీదుగానే కాళ్ళకీ చేతులకీ తలకీ పసుపు రాసింది. ఆ ఎవరి బిడ్డ కోసమో కళ్ళ నీళ్ళు పెట్టుకుంది కూడా, చుట్టాల పిల్ల పోతే పెట్టుకున్నన్ని. అక్కడున్న ఆడవాళ్ళు ఆమెని పట్టుకుని గొల్లుమన్నారు. ఆమె వాళ్ళని ఓదార్చింది.

తనని కొడతారేమో అని పుండలీక్ దారంతా అనుకుంటూ వచ్చాడు. కొట్టి ఉంటే బాగుండేది. ఎవరూ అతని వంక చూడలేదు. మట్టి చేసి వచ్చాక ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు, అంబలి తాగి పొమ్మన్నారు. చెంబు అరుగు మీద పెట్టేశాడు. బండి దగ్గరికి నడిచి, ఎక్కి, తలుపు వేసుకున్నాడు. వెనక చాప లేపిన నేల అలాగే ఉంది. ఇంటికి పోతే వాకిట్లో బకెట్లు పెట్టి ఉంటాయి. వచ్ఛలకి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో అతనికి తెలియలేదు.

తాళం పెడుతుండగా కర్ర చప్పుడైంది. బిర్జో కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమె వెనక రెండడుగుల దూరంలో లాల్సు.

"తమ్ముడూ, నువ్వు నాగ్‌పురోనివట గదా?"

"అవునమ్మా."

"ఆడపిల్లల హాస్టల్ తెలుసా నీకు? నా జమున ఆడ వంట జేస్తది."

పుండలీక్ లాల్సు వంక చూశాడు. లాల్సు చూపు నేల మీద ఉంది.

"తెలుసమ్మా."

"ఈయన అమాయకుడు. ఆస్పత్రోళ్ళు ఏది కట్టిస్తె అది పట్టుకొని వచ్చిండు. మొహం గూడ సరిగ జూసుకొని ఉండడు. నువ్వేం జేస్తవ్, నీ తప్పు లేదు." చెయ్యి కిటికీ మీద వేసింది. వేళ్ళకి పసుపు ఇంకా అంటుకునే ఉంది. "నువ్వు పోయినంక ఆ హాస్టల్‌కు పోయి దాన్ని అడుగు. మీ అమ్మ రమ్మన్నదని జెప్పు. ఈ ఎండల బస్సులెక్కి రావద్దను, తలనొప్పి లేస్తది దానికి. నీ బండిల తీస్కరా."

ఆమె వెనక నుంచి లాల్సు రెండు చేతులూ ఎత్తి జోడించాడు. ఔనని చెప్పమని ఆ దండం. పొద్దున మొహం చెడకుండా చేర్చమన్న తర్వాత ఆ మనిషి బతిమాలింది అదొక్కటే.

"తెస్తనమ్మా," అన్నాడు పుండలీక్.

బిర్జో తల ఊపింది, కానీ కిటికీ వదల్లేదు. ఇంకొంచెం దగ్గరికి వంగింది.

"ఎప్పుడు తెస్తవ్?" అని అడిగింది.